చేదు తెలుస్తోందా?

నోరు తెరిస్తే "ఛీ" అనే మనుషులు ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. ఈమె మాత్రం దాన్ని ఒక ఉద్యోగంలా చేసేది. గ్లాసు అంచున వేలిముద్ర కనిపిస్తే ఛీ. ఎవరైనా దువ్వెన అడిగితే ఛీ. బస్సులో పక్కవాడు తుమ్మితే ఛీ ఛీ, రెండుసార్లు. అందుకే చిన్నా పెద్దా అందరూ ఛీఛీ అక్క అనే పిలిచేవాళ్ళు, ఆమె కూడా మారుమాట లేకుండా పలికేది. తమాషా ఏమిటంటే, పదిహేనేళ్ళుగా ఆమె చేస్తున్నది చెత్తపని. పడగొట్టిన ఇళ్ళ దగ్గర రాళ్ళూ రప్పలూ ఎత్తడం, మూతబడ్డ గోదాములు ఊడవడం, ఎలుకలు చచ్చిన గదులు కడగడం. ఆమె వెనక పదకొండు మంది ఆడవాళ్ళ జట్టు. ఎక్కడ పని ఉన్నా ముందు కబురు ఆమెకే వచ్చేది, ఎందుకంటే ఆమె తెచ్చిన మనిషిని ఎవరూ ఎప్పుడూ వెనక్కి పంపలేదు. ఆ మాట పదిమందిలో చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం.

ఆ పదకొండు మందిలో ఒకతె సొంత తోడికోడలు. ఇరవై నాలుగేళ్ళ బక్క మనిషి. ముఖం అరచేతిలో ఇమిడిపోతుంది. అందుకే పిచ్చుక అన్నారు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరూ ఆరేళ్ళుగా మోచేతులు తగిలించుకుంటూ బతుకుతున్నారు. "అక్క చేతులు కడుక్కునే నీళ్ళతో ఇంకో ఇల్లు కడగొచ్చు" అని పిచ్చుక అనేది. "నువ్వు తోమితే గిన్నెకే కడుపులో తిప్పుతుందే" అని ఈమె అనేది. ఈ కొత్త పని దొరికితే మొగుడూ తానూ వేరే గది తీసుకుంటామని పిచ్చుక ఇంటిల్లిపాదికీ చెప్పేసింది. గది చూసి కూడా వచ్చింది. కిటికీ ఉందట. సొంత పొయ్యట. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున్న లేస్తే ఛీ అనే నోరు అక్కడ ఉండదట.

పనేమో మూతబడ్డ ఓ పెద్ద కంపెనీ షెడ్డులో. కప్పంతా పాత సిమెంటు రేకులు. సగం పగిలి లోపలే పడి ఉన్నాయి. ఆ ముక్కలు ఏరి సంచుల్లో కట్టాలి, దుమ్ము తడిపి ఎత్తాలి. ఆ దుమ్ము మహా చెడ్డదని, ట్రైనింగు లేకుండా ఎవరినీ లోపలికి పంపకూడదని పైనుంచి గట్టి ఆర్డరు వచ్చింది. ముందు మూడు రోజుల ట్రైనింగు అన్నారు. తర్వాత ఒక్కరోజే అన్నారు. చివరికి అది పొద్దున్న తొమ్మిది నుంచి భోజనాల వేళ దాకా అయింది. మధ్యాహ్నం నుంచే పనిలోకి దిగాలి.

ముందురోజు ఆ ట్రైనింగుకి వెళ్ళొచ్చిన ఒకావిడ కుళాయి దగ్గర బిందె కింద పెట్టి మరీ చెప్పింది. "మాస్కు పెట్టి, తల మీద గోనెసంచిలా ఒకటి తొడుగుతాడక్కా. దాంట్లోకి బుస్సుమని చేదుమందు కొడతాడు. చేదు తెలుస్తోందా అని అడుగుతాడు. తెలుస్తోందని అన్నామో, అంతే సంగతులు. మాలో ఇద్దరు అన్నారు. ఇద్దర్నీ ఇంటికి పంపేశాడు."

"అదేం పరీక్షే? చేదు తట్టుకోవాలా?"

"తట్టుకునే మనిషైతేనే లోపల నిలబడుతుందని కాబోలు."

నిజమే కాబోలు అనుకుంది ఛీఛీ అక్క. కూలిపనికి వెళ్ళిన ప్రతిచోటా ఎవడో ఒకడు ముందు తట్టుకుంటావా లేదా అనే చూశాడు. బస్తా ఎత్తించి చూశారు, ఎండలో నిలబెట్టి చూశారు. ఇప్పుడు చేదు పోసి చూస్తున్నారు, అంతే తేడా. సరే, దేనికైనా మందుంటుంది కదా. దారిలో కొట్టు దగ్గర ఆగి ఒక పెద్ద పిప్పరమెంటు బిళ్ళల పొట్లం కొంది. యాభై బిళ్ళలు. నోరంతా చల్లగా తియ్యగా ఉంటే చేదుకి చోటెక్కడిది? తన తెలివికి తానే మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుని ఇప్పటికీ ఆమె తనని తానే ఛీ అనుకుంటుంది.

ట్రైనింగు హాలంటే ఒకప్పటి కంపెనీ క్యాంటీను. గోడల మీద పాత నూనె జిడ్డు గోధుమరంగులో కారి గడ్డకట్టింది. మూల తూములోంచి నిలవనీళ్ళ కంపు. బల్ల మీద ఎవరో ఎప్పుడో తిని వదిలేసిన ఎముక ముక్క చుట్టూ చీమలు. ఛీఛీ అక్క కూర్చునే ముందు తన కుర్చీని తుడిచింది, తుడిచిన గుడ్డని చూసి "ఛీ" అంది, గుడ్డని తిరగేసి పిచ్చుక కుర్చీ కూడా తుడిచింది.

"అక్కా, మనం చెత్త ఎత్తడానికొచ్చాం, పెళ్ళికి కాదు" అంది పిచ్చుక. జట్టంతా నవ్వింది.

ట్రైనరు వచ్చాడు. చలవ బట్టలు, మెడలో కార్డు, కుడిచేతిలో చేతిరుమాలు. ఆ రుమాలు పాఠం మొదలైనప్పుడు ముక్కు దగ్గరికి వెళ్ళింది, ముగిసేదాకా దిగలేదు. కంపు తూముదా, ఆడవాళ్ళదా అని అతనేమీ చెప్పలేదు గాని, తూము వైపు వీపు పెట్టి ఆడవాళ్ళ వైపు చూస్తూ ముక్కు మూసుకున్నాడు. ఊపిరి గురించి చెప్పడానికి వచ్చిన మనిషికి మన ఊపిరి పడలేదు చూడండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

తెర మీద బొమ్మలు గబగబా తిరిగాయి. ఒక బొమ్మలో ఊపిరితిత్తి ఉంది, నానబెట్టి మరిచిపోయిన పాతగుడ్డ రంగులో. "ఈ దుమ్ము కంటికి కనిపించదు. లోపలికి పోయిందంటే బయటికి రాదు. ఇప్పుడేమీ కాదు. ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో తెలుస్తుంది" అని రుమాలులోంచి చదివాడు.

"ఇరవై ఏళ్ళకా? అప్పటికి బతికుంటే చూద్దాంలే సారూ" అంది జట్టులోని బండక్క. రోలంత మనిషి, రోలంత గొంతు. "మా ఇళ్ళ మీద ఉన్నవీ ఈ రేకులేగా. పుట్టినప్పటినుంచీ కిందే పడుకుంటున్నాం."

మళ్ళీ అందరూ నవ్వారు. ట్రైనరు బొమ్మ మార్చాడు.

తర్వాత పరీక్ష. ఛీఛీ అక్క కళ్ళతో సైగ చేసింది, పదకొండు చేతులు పదకొండు నోళ్ళ దగ్గరికి వెళ్ళాయి, బుగ్గల్లో ఆమె పంచిన బిళ్ళలు చేరాయి. ఇంతలో ఆమెకు పరీక్షకి పెట్టే మాస్కు కనిపించింది. ఒక్కటే మాస్కు. నిన్నటి జట్టంతా పెట్టుకున్నదీ అదే, ఇవాళ పన్నెండు మందీ పెట్టుకోవాల్సిందీ అదే. నల్ల రబ్బరుది, రెండు వైపులా గుండ్రటి డబ్బాలు. ఒకరి ముఖం మీంచి తీసి, లోపల ఒక తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, ఇంకొకరి ముఖానికి తగిలిస్తున్నాడు. గుడ్డ కూడా ఒక్కటే. నాలుగో ముఖం దాటేసరికి అది తుడవడం మానేసి పూయడం మొదలుపెట్టింది. బండక్క ఉమ్ము బండక్క తర్వాతావిడ గడ్డానికి దారంలా సాగడం ఛీఛీ అక్క కళ్ళారా చూసింది.

"చేదు తెలుస్తోందా?"

"లేదు సార్."

"తల పైకెత్తు. కిందికి దించు. పది దాకా లెక్కపెట్టు. చేదు తెలుస్తోందా?"

"లేదు సార్."

పిచ్చుక వంతు వచ్చింది. మాస్కు ఆమె ముఖానికి పెద్దన్న చొక్కా చిన్నతమ్ముడికి తొడిగినట్టుంది. గడ్డం కింద వేలు దూరే సందు. పట్టీలు బిగించిన కొద్దీ మాస్కు పైకి జరిగి కళ్ళలోకి వెళ్తోంది. ట్రైనరు దాన్ని బొటనవేలితో కిందికి నొక్కి, సంచి తొడిగి, బుస్సుమని కొట్టాడు.

"లేదు సార్" అంది పిచ్చుక, అతను అడగకముందే.

ట్రైనరు కాగితం మీద టిక్కు పెట్టాడు.

ఆఖరున ఛీఛీ అక్క. బుగ్గలో బిళ్ళ ఉంది. రబ్బరు ముఖానికి తగలగానే పదకొండు మంది వేడి ఊపిరి, పదకొండు పిప్పరమెంట్లు, జుట్టు నూనె, నిన్నటి జట్టు తాలూకు ఏదో పులిసిన వాసన, అన్నీ కలిసి ముక్కులోకి కొట్టాయి. లోపలి తడి పెదవులకు అంటింది. ఎవరిదో తెలియని తడి. వాంతి గొంతు దాకా వచ్చింది, ఆమె బలవంతాన మింగింది, వాంతితో పాటు బిళ్ళ కూడా లోపలికి పోయింది. సరిగ్గా అప్పుడే సంచిలోకి మందు వచ్చి పడింది. ముక్కుకి అటూ ఇటూ ఉన్న సందుల్లోంచి జారి నాలుక మీదికి పాకింది. అబ్బ, ఏం చేదు! కళ్ళ నుంచి బొటబొటా నీళ్ళు కారాయి.

"చేదు తెలుస్తోందా?"

"లేదు సార్."

అతను సంచికి ముందున్న ప్లాస్టిక్ అద్దంలోంచి ఆమె కళ్ళనీళ్ళు చూశాడు. చూసి టిక్కు పెట్టాడు.

బయటికి రాగానే జట్టు ఆమెను ఆకాశానికెత్తేసింది. పన్నెండుకి పన్నెండు పాస్! పిచ్చుక కూడా, ఆరేళ్ళలో మొదటిసారి, "నీ బుర్రకి దండం పెట్టాలి అక్కా" అంది. గోడ నీడన తర్వాతి జట్టు కూర్చుని ఉంది, ముప్పై మంది, భోజనాల తర్వాత వాళ్ళకి ట్రైనింగు. ఎక్కడివాళ్ళో, ఎవరో తెలియదు. అయినా ఛీఛీ అక్క గుండె అప్పుడు పొంగిపోతోంది. మిగిలిన పొట్లం మొత్తం వాళ్ళ పెద్దావిడ ఒళ్ళో పెట్టింది. "చేదు తెలుస్తోందా అంటాడు. లేదనండి. బిళ్ళ బుగ్గన పెట్టుకోండి, ముఖం కూడా మారదు." ఆ ముసలావిడ ఆమె గడ్డం పుచ్చుకుని "నీ కడుపు చల్లగా" అని దీవించింది.

ఆ మాస్కు మాత్రం ఆమె కళ్ళ ముందునుంచి పోలేదు. ఆ ముప్పై మంది కూడా దాన్నే పెట్టుకోవాలి కదా. ఉండబట్టలేక వెనక్కి వెళ్ళి, "సారూ, ఆ మాస్కూ సంచీ ఇటివ్వండి, సబ్బుతో కడిగి తెస్తాను" అంది.

ట్రైనరుకి ప్రాణం లేచొచ్చింది. "మహాతల్లీ, ఈ సీసా కూడా కడిగిపెట్టు" అని చేదుమందు సీసా, దాన్ని కొట్టే రబ్బరు బుడ్డీ కూడా చేతిలో పెట్టాడు. కుళాయి గట్టు దగ్గర ఆమె రుద్దుతూ ఉంటే, గుమ్మానికి ఆనుకుని బిస్కెట్లు తింటున్నాడు. ఇప్పుడు రుమాలు జేబులోకి వెళ్ళింది. సంచి లోపలివైపు పచ్చటి పిప్పరమెంటు ఉమ్ము చారలు. ఛీ, ఛీ అనుకుంటూ మూడుసార్లు సబ్బు పెట్టింది. పెడుతూ, ఊరికే, మాటవరసకి అడిగింది.

"సారూ, చేదే ఎందుకు? తియ్యటి మందు కొట్టొచ్చుగా, ఆడవాళ్ళు సంతోషిస్తారు."

"తీపిదీ ఉందిలే. ఏదైనా ఒకటే. మాస్కు ముఖానికి అతుక్కుంటే మందు లోపలికి రాదు. సందుంటే వస్తుంది. చేదు వచ్చిన సందులోంచే రేకుల దుమ్మూ వస్తుంది." టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు.

ఆమె చేతిలో సబ్బు ఆగింది. "అంటే చేదు తెలిస్తే?"

"ఆ మాస్కు ఆ ముఖానికి పనికిరాదని."

"మనిషి పనికిరాదని కాదా?"

"మనిషికేమమ్మా? చిన్న సైజు మాస్కు ఇస్తే సరిపోతుంది."

"మరి నిన్న ఇద్దరిని ఇంటికి పంపేశారుగా!"

"చిన్న సైజులు లేవు. తెప్పించాలంటే పైవాళ్ళకి రాయాలి. ఎందుకు, ఎన్ని, ఎవరికి అని వాళ్ళు వంద అడుగుతారు. దానికన్నా మనుషుల్ని మార్చడం తేలిక." ఇంకో బిస్కెట్ విరిచాడు. "మీ జట్టు తెలివైంది. హాలంతా ఒకటే పిప్పరమెంటు వాసన. నాకు తెలియదనుకున్నావా?" అని నవ్వాడు. తడిసిన బిస్కెట్ పొడి పళ్ళ సందుల్లోంచి కనిపించింది.

తూము కంపు, ఎముక చుట్టూ చీమలు, ఉమ్ము దారం, ఇవన్నీ చూసి ఆమె ఛీ అంది కదా. ఇప్పుడు ఆ మనిషిని చూస్తే ఆ మాట కూడా రాలేదు. దానికి ఇతను సరిపోడు. ఇతన్ని అనాలంటే ఇంకో మాట పుట్టాలి. ఆ వెంటనే, పొట్లం పట్టుకున్న తన చెయ్యి గుర్తొచ్చింది. అతను టిక్కు పెట్టాడు, అంతే. బిళ్ళ పెట్టింది ఎవరు? పదకొండు నోళ్ళలో, ఒక్కొక్క నోట్లో, ఏరి ఏరి పెట్టింది ఎవరు? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, లోకానికంతా శుభ్రం చెప్పే ఛీఛీ అక్క పోయి పోయి ఎందులో పడింది చూడండి. తన చేతిని చూస్తే తనకే అసహ్యం వేసింది. కడిగింది. ఇంకోసారి కడిగింది. అది నీళ్ళకి పోయేది కాదని తెలుస్తూనే ఉంది.

మాస్కు ఒక్కటీ అతని చేతికిచ్చింది. "సంచి ఆరాలి సారూ" అని సంచి తన దగ్గరే ఉంచుకుంది. సీసా కడగలేదు. బుడ్డితో సహా కొంగులో దోపుకుంది.

షెడ్డు గేటు దగ్గర జట్టు అప్పటికే తయారవుతోంది. ఎవరి మాస్కు వాళ్ళకి ఇచ్చారు, కవర్లో పెట్టిన కొత్తవి, అన్నీ ఆ ఒక్క పెద్ద సైజే. లోపల పగిలిన రేకుల కుప్పలు. కప్పు చిల్లుల్లోంచి పడిన ఎండలో సన్నటి దుమ్ము తేలుతోంది. చూడటానికి అందంగానే ఉంది.

ఆమె గోడ వారకి అందరినీ పిలిచి, విన్నది విన్నట్టు చెప్పింది. ఆమెకు ఇంకోలా చెప్పడం రాదు. "నేను తప్పు చేశాను. నేనే చేశాను. ఇప్పుడు నోళ్ళు పుక్కిలించండి. మళ్ళీ కొడతాను. చేదు తెలిస్తే లోపలికి పోవద్దు."

గొణుగుడు మొదలైంది. పాసైనవాళ్ళం మళ్ళీ ఫెయిలెందుకు కావాలి అని ఒకరు. చేతికొచ్చింది నోటికి రాకుండా చేస్తున్నావు అని ఒకరు. బండక్క మాత్రం నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, "ముందు నాకు కొట్టక్కా, తేలిపోద్ది" అని మాస్కు పెట్టుకుని తల వంచింది. ఛీఛీ అక్క సంచి తొడిగి బుడ్డి నొక్కింది. బండక్క తల పైకెత్తింది, దించింది, పది దాకా అరిచింది. "చేదా? ఏమీ లేదే!" ఆ వెడల్పు ముఖానికి మాస్కు ముద్ర వేసినట్టు కూర్చుంది. అది చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చి వరసగా నిలబడ్డారు. రెండో ఆవిడ సంచిలోనే కెవ్వుమంది. మూడో ఆవిడ మాస్కు పీకేసి నేల మీద ఉమ్మింది. పది మందికి కొడితే ఎనిమిది మంది ఉమ్మారు. గోడ వారంతా ఉమ్ములే.

పిచ్చుక ఆఖరున వచ్చింది. దవడ బిగించి ఉంది. ఛీఛీ అక్క ఆమె ముఖం చూసింది. ఆరేళ్ళుగా పొయ్యి దగ్గర చూస్తున్న ముఖం కదా, ఎడమ బుగ్గ కొద్దిగా ఎత్తుగా ఉండటం ఇట్టే తెలిసిపోయింది. ఎప్పుడు దాచుకుందో ఇంకో బిళ్ళ.

"ఉమ్మెయ్."

"ఏం ఉమ్మాలి?"

"బుగ్గలోది ఉమ్మెయ్యవే."

పిచ్చుక కళ్ళు ఎర్రబడ్డాయి. "నీకు కడుపుమంట అక్కా. నేను వేరే పోతానని. నా పొయ్యి నేను వెలిగించుకుంటానని. నువ్వే బిళ్ళ పెట్టావు, నువ్వే తీయమంటున్నావు. నా నోరు కూడా నీదేనా?"

"పోవే. ఒక గది కాకపోతే రెండు గదులు తీసుకో. మీ కిటికీలోంచి రోజూ నన్ను ఛీ అని తిట్టు, వచ్చి మరీ వింటాను. కానీ ఊపిరి ఉండి తిట్టు. ఇరవై ఏళ్ళన్నాడు కదే వాడు! ఇరవై ఏళ్ళకి నువ్వు నా వయసుకి వస్తావు. నా అంత వయసులో ఆ పాతగుడ్డ లాంటి ఊపిరితిత్తి పెట్టుకుని ఎక్కడ వండుకుంటావు, ఎవరు వండిపెడతారు?" అంటూనే అరచెయ్యి చాపింది. ఉత్త చెయ్యి, పిచ్చుక గడ్డం కింద.

పిచ్చుక ఆ చేతిని చూసింది. తాను తాగిన గ్లాసు ముట్టుకోని చెయ్యి. తన దువ్వెన పక్కన పెట్టిన దువ్వెనని కూడా కడిగే చెయ్యి. ముందుకు వంగి, బిళ్ళ ఉమ్మేసింది. సగం కరిగి, జిగటగా, నురగతో, వెచ్చగా వచ్చి అరచేతిలో పడింది. ఛీఛీ అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత పరీక్ష ఎంతసేపు? బుడ్డి ఒక్కసారి నొక్కిందో లేదో, పిచ్చుక మాస్కు కిందికి లాగేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గింది. "చేదు. అబ్బా, చేదక్కా. మొత్తం చేదే" అని ఏడ్చేసింది. కిటికీ ఉన్న గది పోయిందని ఏడ్చిందో, చేదుకి ఏడ్చిందో అడగడానికి అది వేళ కాదు.

షెడ్డు సూపర్‌వైజరు వచ్చాడు. గోడ వార ఉమ్ములు చూసి ముఖం చిట్లించుకున్నాడు. సంగతి విన్నాడు. "చిన్న మాస్కులు ఇవ్వండి, ఇప్పుడే దిగుతాం" అని ఛీఛీ అక్క అంది. లేవన్నాడు. సరిపోయిన ఇద్దరూ లోపలికి రండి, మిగతావాళ్ళు ఇళ్ళకి పోండి, బయట ముప్పై మంది ఉన్నారు అన్నాడు. బండక్క, ఇంకో ఆవిడ వెళ్ళారు. వాళ్ళని ఎవరూ ఒక్క మాట అనలేదు, వాళ్ళ మాస్కులు అతుక్కున్నాయి మరి. ఛీఛీ అక్క తెచ్చిన మనుషుల్లో తొమ్మిది మంది వెనక్కి తిరిగారు, పదోది తాను. పదిహేనేళ్ళ పేరు ఆ గేటు దగ్గరే పోయింది.

వాళ్ళు బయటికి వచ్చేసరికి ఆ ముప్పై మందీ క్యాంటీను గుమ్మం ముందు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ప్రతి బుగ్గా కొంచెం ఎత్తుగా ఉంది. లోపలినుంచి ట్రైనరు కుర్చీలు జరుపుతున్న చప్పుడు. దీవించిన ముసలావిడ ఛీఛీ అక్కని గుర్తుపట్టి, బుగ్గన బిళ్ళతోనే చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు చూసి ఆమె అక్కడే ఆగిపోయింది. అరచెయ్యి ఇంకా జిగటగానే ఉంది.

"ఒక జట్టు చేదంటే ఇంటికి పంపేశారు" అంది పక్కనుంచి పిచ్చుక, ముక్కు ఎగబీలుస్తూ. "ఈ ముప్పై మందీ చేదంటే?"

"అప్పుడు చిన్న మాస్కులు తెప్పించక చస్తారా."

"వీళ్ళు ఉమ్మకపోతే?"

ఛీఛీ అక్క ముసలావిడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి చాపింది. "అమ్మా, ఇందాక నేను నీకు చెప్పింది తప్పు. ఉమ్మెయ్ తల్లీ, చెప్తాను." ముసలావిడ నవ్వు పోయింది. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. పెట్టిన చెయ్యే తీయమంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఛీఛీ అక్క చెయ్యి తీయలేదు, ఎండలో అలాగే పట్టుకుని నిలబడి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. సందు గురించి చెప్పింది. దుమ్ము గురించి చెప్పింది. బిస్కెట్ తింటూ నవ్విన నోటి గురించి చెప్పింది. వరసలో వెనక ఉన్నవాళ్ళు మెడలు చాపి విన్నారు. చాలా సేపటికి ముసలావిడ వంగి, తన బిళ్ళ ఆమె చేతిలో వేసింది.

పిచ్చుక అది చూడలేక ముఖం తిప్పుకుంది. "ఛీ. కుళాయి పక్కనే ఉంది, చెయ్యి కడుక్కో అక్కా."

"తర్వాత కడుక్కుంటాలే" అని ఆమె తర్వాతి మనిషి గడ్డం కిందికి చెయ్యి జరిపింది. "ఇంకా ఇరవై తొమ్మిది నోళ్ళున్నాయి."